పట్టుబడినది మాట కాదు, హద్దు

సి భాషలో రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ల ప్రసక్తి వచ్చినప్పుడల్లా ఒక నిట్టూర్పు వినబడుతుంది. “నమూనా సరిపోలింది, సంతోషం. కుండలీకరణాల్లో పట్టుబడిన మాట ఏదీ? ఈ భాష మాటను చేతికివ్వదు, రెండంకెలు విసిరి ఊరుకుంటుంది” అని దాని సారాంశం. వెంటనే ఇద్దరు సలహాదారులు ప్రత్యక్షమౌతారు. “ఈ చాదస్తం మనకెందుకు, పెర్ల్‌కో పైథాన్‌కో పొండి” అంటారొకరు. “ఓస్, ఇంతేనా! 32 బైట్ల బఫరొకటి పెట్టుకొని అందులోకి నకలు దించుకోండి” అంటారు రెండవవారు. ఇద్దరి సలహాలూ తప్పన్నది నా వాదన. మొదటిది పెద్దగా హాని లేని తప్పు. రెండవది తెలుగు వ్రాసేవారి మాటలను నిలువునా నరికే తప్పు. అందుకే, ఇది కేవలం ప్రోగ్రామర్ల గొడవ కాదని భావించి, తెలుగు బ్లాగ్మిత్రుల ముందు పెడుతున్నాను.

ముందుగా విషయం స్పష్టం చేసుకుందాం. 1992 నాటి పోసిక్స్ 1003.2 ప్రమాణం నుండి ఈ పనికి ఉన్నవి నాలుగే ఫంక్షన్లు. రెగ్‌కాంప్ నమూనాను సిద్ధం చేస్తుంది. రెగ్‌ఎక్సెక్ దానిని పాఠంతో సరిపోలుస్తుంది. రెగ్‌ఎర్రర్ వచ్చిన దోషాన్ని మాటల్లో చెబుతుంది. రెగ్‌ఫ్రీ తీసుకున్న మెమొరీని తిరిగి అప్పగిస్తుంది. రెగ్‌ఎక్సెక్‌కు మనం రెగ్‌మ్యాచ్_టి అనే స్ట్రక్చర్ల వరుస ఒకటి అందిస్తాం. ఒక్కొక్క దానిలో రెండంకెలుంటాయి. ఆర్ఎం_ఎస్ఓ అంటే ముక్క మొదలైన చోటు. ఆర్ఎం_ఈఓ అంటే ముక్క ముగిసిన తరువాతి చోటు. వరుసలో సున్నా స్థానం మొత్తం సరిపోలికకు చెందినది. ఒకటి మొదలుకొని ఎడమ కుండలీకరణాల క్రమంలో పట్టుబడిన ముక్కలు. రెండవ అంకెలోంచి మొదటిది తీసివేస్తే పొడవు. ఇంతకు మించి రహస్యం లేదు.

ఒక ఉదాహరణ. పాఠం “పేరు: వేంకటసుబ్బారావు”. నమూనా “పేరు: (.+)”. సరిపోలిక జరిగాక సున్నా స్థానంలో 0, 59 అని ఉంటాయి. ఒకటో స్థానంలో 14, 59 అని ఉంటాయి. యూటీఎఫ్-8లో తెలుగు సంకేతం ఒక్కొక్కటీ మూడు బైట్లు. “పేరు” అన్నదానిలో నాలుగు సంకేతాలు, పన్నెండు బైట్లు, పక్కన ఉన్న చుక్కల జంట, ఖాళీ కలిసి రెండు, మొత్తం పద్నాలుగు. పేరు పొడవు 45 బైట్లు. పైథాన్ 3 అలవాటున్నవారు ఇక్కడ 6, 21 వస్తాయని ఎదురుచూసి నిరాశపడతారు. అది లెక్కించే ప్రమాణంలో తేడా. అడుగుల్లో కొలిచే తాపీమేస్త్రీని గజాల్లో చెప్పలేదని నిందించడం న్యాయం కాదు.

ఇక పూర్వపక్షం. “మాటను అడిగితే అంకెలివ్వడం భాష సోమరితనం కాదా?” అని అడుగుతారు. కాదు. ఇది చరిత్ర తెలిస్తే తెలుస్తుంది. 1986లో టొరాంటో విశ్వవిద్యాలయంలో హెన్రీ స్పెన్సర్ వ్రాసి అందరికీ పంచిన లైబ్రరీలో ముక్కల హద్దులు అంకెలుగా కాక పాయింటర్లుగా ఉండేవి. పైగా అవి సిద్ధం చేసిన నమూనా లోపలే ఉండేవి, పదింటికి మించకుండా. అంటే అదే నమూనాను ఇంకొక వాక్యం మీద ప్రయోగించగానే పాత ఫలితం చెరిగిపోయేది. పోసిక్స్ పద్ధతిలో ఫలితం ఉండేది అడిగినవాడి వరుసలో. నమూనాకు దానితో సంబంధం లేదు. వరుస ఎంత పొడవో చెప్పేదీ మనమే. పాయింటరు బదులు అంకె ఉండడం వల్ల మరొక మేలు కూడా ఉన్నది. పాఠం పెరిగి రీఅలోక్ దానిని వేరొక చోటికి తరలిస్తే పాయింటర్లన్నీ పాడుబడిన ఇంటి చిరునామాలౌతాయి. అంకెలు మాత్రం అలాగే నిలుస్తాయి. ఇల్లు మారినా, గుమ్మం నుండి పూజగదికి ఎన్ని అడుగులో ఆ లెక్క మారదు కదా.

పెర్ల్‌కు పొమ్మన్నవారికి సమాధానం. పెర్ల్ మంచి భాషే, దానిమీద నాకు కోపం లేదు. కానీ అక్కడ $1 చేతికి వచ్చినంత మాత్రాన చిక్కులు తీరిపోలేదు. సరిపోలిక విఫలమైతే $1 ఖాళీ కాదు. అంతకు ముందు నెగ్గినప్పటి మాటే అందులో కూర్చుని ఉంటుంది. విఫలమైందో లేదో పరీక్షించని ప్రోగ్రాము, నిన్నటివాడి పేరును ఇవాళ్టివాడికి తగిలిస్తుంది. నకలుకు అయ్యే ఖర్చు సంగతీ చూడండి. మొత్తం సరిపోలికను ఇచ్చే $& అన్నది ప్రోగ్రాములో ఎక్కడో ఒక్కచోట కనబడితే చాలు, మిగిలిన సరిపోలికల మీద కూడా నకలు భారం పడేది. 2014లో 5.20 వచ్చేదాకా ఆ బెడద తీరలేదు. ఇంతా చేసి పెర్ల్ కూడా @-, @+ అనే రెండు వరుసల్లో ఆరంభాలనూ అంతాలనూ దాచి ఉంచుతుంది! 2011 నాటి సి ప్లస్ ప్లస్ తన రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లలో ముక్కను రెండు హద్దుల జంటగానే నిర్వచించింది. 2017లో అదే భాష, నకలు లేకుండా ఒక చోటునూ ఒక పొడవునూ మాత్రమే మోసే స్ట్రింగ్_వ్యూను ప్రవేశపెట్టింది. “పాతకాలపు చాదస్తం” అని మనం వదిలి వెళ్ళినచోటికే కొత్తవారు చుట్టూ తిరిగి వస్తున్నారన్నమాట.

అసలు శత్రువు రెండవ సలహా. నేను చూసిన పాఠాల్లో ఇదే ఎక్కువ. 32 బైట్ల అర్రే ఒకటి ప్రకటించు, అందులోకి స్ట్రింగ్‌ఎన్‌కాపీతో 31 బైట్లు మించకుండా దించు, చివర సున్నా పెట్టు, అయిపోయింది. బఫరు పొంగదు కనుక ఇది “సురక్షితం” అని కింద ఒక వ్యాఖ్యానం. పొంగదు, నిజమే. మరి పేరు ఏమౌతుంది? ఇంగ్లీషు లిపిలో వేంకటసుబ్బారావు 15 అక్షరాలు, 15 బైట్లు. 32 బైట్ల గదిలో కాళ్ళు చాపుకొని పడుకోవచ్చు. తెలుగులో కూడా 15 సంకేతాలే, కానీ 45 బైట్లు. 31 బైట్ల దగ్గర కత్తి పడితే పది సంకేతాలు పూర్తిగా మిగులుతాయి, పదకొండవదానిలో ఒక్క బైటు మిగులుతుంది. ఆయన “వేంకటసుబ్బ” అవుతాడు, ఆపైన ఆ తెగిన బైటు తెరమీద ప్రశ్నార్థకం ఉన్న నల్ల వజ్రమై మెరుస్తుంది. యూనికోడు తెలుగుకోసం ఒకప్పుడు మనమంతా పడ్డ పాట్లు గుర్తున్నవారికి ఆ వజ్రాన్ని పరిచయం చేయనక్కరలేదు. అయితే అప్పట్లో ఆ తప్పును ఫాంటు మీదికి తోసేవాళ్ళం. ఇక్కడ ఫాంటు నిర్దోషి. మాటను నరికినవాడు వేరే ఉన్నాడు.

పోనీ ఈ స్ట్రింగ్‌ఎన్‌కాపీ పుట్టింది ఇందుకా అంటే, అదీ కాదు. తొలినాటి యూనిక్స్ డైరెక్టరీల్లో ఫైలు పేరుకు 14 బైట్ల గడి ఉండేది. అటువంటి కచ్చితమైన గడులను నింపడానికి పుట్టిన పనిముట్టు అది. మాట గడికంటే పొడవైతే అది చివర సున్నా కూడా పెట్టదు. గడులు నింపే పనిముట్టుతో మనుషుల పేర్లు దించుకొమ్మని నేర్పడం, పోకలు కత్తిరించే అడకత్తెరతో పట్టుచీర కోయమనడం వంటిది.

“సరే, బఫరును 256 చేస్తే పోదా?” అనేవారున్నారు. పోదు, తప్పు దూరం జరుగుతుంది, అంతే. నాకు అర్థం కానిది ఒక్కటే. రెగ్‌ఎక్సెక్ కొలతను అక్షరాలా మన చేతిలో పెట్టింది. 14 నుండి 59 దాకా, 45 బైట్లు అని చెప్పింది. కొలత చేతిలో ఉండగా ఊహాగానం దేనికి? 45కు ఒకటి కలిపి 46 బైట్లు మాలోక్‌తో అడగండి. దొరికిందో లేదో చూడండి. మెమ్‌కాపీతో 45 బైట్లు దించి చివర సున్నా పెట్టండి. పని అయ్యాక విడిచిపెట్టండి. ఇదే పనిని ఒక్క పిలుపులో చేసే స్ట్రింగ్‌ఎన్‌డూప్ 2008 పోసిక్స్ ప్రమాణంలో చేరింది కూడాను. కొలతలు ఇచ్చి వెళ్ళినవాడికి, దుకాణంలో ఉన్న చొక్కానే తొడిగి, బయటికి వచ్చిన చేతులను కత్తిరించే దర్జీ ఎక్కడైనా ఉంటాడా? మన పాఠ్యపుస్తకాల్లో ఉన్నాడు.

చాలా సందర్భాల్లో నకలే అవసరం లేదు. చూపించడమే పనైతే ప్రింట్‌ఎఫ్‌కు శాతం గుర్తు, చుక్క, నక్షత్రం, ఎస్ వరుసగా ఇచ్చి, పొడవునూ ఆరంభాన్నీ అందిస్తే చాలు. ఆ పొడవు ఇంట్ రకంగా ఉండాలన్నది ఒక్కటే నియమం. పోల్చడమే పనైతే పొడవు చూసి మెమ్‌సీఎంపీ చేస్తే చాలు. పాఠం బ్రతికి ఉన్నంతకాలం హద్దులే మాట.

నకలు ఖర్చు తప్పించామని చెప్పుకొనేవారి మరొక ఉపాయం ఇంకా ఘోరం. ముక్క అయిపోయిన చోట పాఠంలోనే సున్నా బైటు పొడిచి, ఆరంభం నుండి స్ట్రింగుగా వాడుకోవడం! హద్దు ఎక్కడో చూపమంటే పొరుగింటి గోడకు కన్నం వేయడమిది. ఆ సున్నా ఎవరి మీద పడింది? తరువాతి అక్షరం మీద. అది తెలుగు అక్షరమైతే మూడు బైట్లలో మొదటిది పోయి, వెనుక రెండు అనాథలౌతాయి. పాఠం స్ట్రింగ్ లిటరలయితే దానిలో వ్రాయడమే భాషా ప్రమాణం ప్రకారం నిర్వచనం లేని ప్రవర్తన. వ్రాసినవాడి పాఠం మనది కాదు, చదువుకొమ్మని ఇచ్చినది. చదవడానికి తీసుకున్న పుస్తకంలో పేజీలు చించకూడదన్న మర్యాద ప్రోగ్రాములకూ వర్తిస్తుంది.

ఇక లేమి సంగతి. ఖాళీ వేరు, లేమి వేరు. ఇంటిపేరు ఉన్నా లేకున్నా ఒప్పుకొనే నమూనాలో, దానికోసం పెట్టిన కుండలీకరణం అసలు పాల్గొనకపోతే రెండంకెలూ -1 అవుతాయి. పాల్గొని ఏమీ పట్టుకోకపోతే రెండంకెలూ సమానంగా, సున్నా కానీ అంతకు పైన కానీ ఉంటాయి. రెండు సందర్భాల్లోనూ తీసివేత ఫలితం సున్నాయే! పొడవు మాత్రమే చూసే ప్రోగ్రాముకు ఈ భేదం కనబడదు. పైగా -1ను పాఠం చిరునామాకు కలిపితే పాఠానికి ముందున్న, మనది కాని చోటికి వ్రేలు చూపినట్టే. ఒక్క “ఇఫ్” వ్రాస్తే తీరే ఈ సమస్యను వదిలేసిన పాఠాలు, నేను చూసినవాటిలో, పాటించినవాటికంటే ఎక్కువ.

ఒకే పాఠంలో వరుసగా ముక్కలు ఏరుకోవడంలో మరో గుంట ఉన్నది. రెండవసారి రెగ్‌ఎక్సెక్‌ను పిలిచేటప్పుడు పాఠాన్ని మొదటి ముక్క చివర నుండి అందిస్తాం. అప్పుడు వచ్చే అంకెలు ఆ కొత్త చోటు నుండి లెక్కించినవి. అసలు ఆరంభం నుండి కావు. నడిచిన దూరాన్ని మనమే కలుపుకోవాలి. అది పంక్తి ఆరంభం కాదని రెగ్_నాట్‌బోల్ అనే సూచనతో చెప్పాలి. నమూనా శూన్యాన్ని కూడా ఒప్పుకొనేదైతే ముక్క పొడవు సున్నా వచ్చి, అడుగు ముందుకు పడక ప్రోగ్రాము గానుగెద్దులా తిరుగుతుంది. “ఒక బైటు ముందుకు జరపండి” అని దీనికి పుస్తకాలు చెప్పే మందు. ఇంగ్లీషుకు అది మందే. తెలుగులో ఒక బైటు జరిగితే అక్షరం కడుపులో అడుగు పెట్టినట్టు. కొనసాగింపు బైట్లను దాటుకొని తరువాతి సంకేతం ఆరంభం దాకా జరగాలి.

ఇంతవరకూ హద్దులను ఎలా వాడాలో చెప్పాను. హద్దు ఎక్కడ పడుతుందన్నది ఇంకొక ప్రశ్న. సి ప్రోగ్రాము మొదలైనప్పుడు “సి” అనే లొకేల్‌లో ఉంటుంది. సెట్‌లొకేల్‌ను పిలవకపోతే నమూనాలోని చుక్కకు అక్షరం అంటే ఒక బైటే. “కవి” మీద ఒక చుక్కను ప్రయోగిస్తే “క”లో మూడోవంతు పట్టుబడుతుంది. యూటీఎఫ్-8 లొకేల్ పెట్టుకుంటే “క” పూర్తిగా వస్తుంది. అయినా “శ్రీ” మీద ప్రయోగిస్తే “శ” మాత్రమే వస్తుంది, ఎందుకంటే శ్రీలో నాలుగు సంకేతాలున్నాయి. పిసిఆర్ఇ లైబ్రరీలో పెద్ద ఎక్స్ ముందు బ్యాక్‌స్లాష్ పెడితే కంటికి కనిపించే అక్షరం పట్టుబడాలి. కానీ 2023లో వచ్చిన యూనికోడు 15.1 దాకా నియమాలు శ్రీని శ్, రీ అని రెండుగానే లెక్కించాయి. వాటిని కలిపే నియమం ఆ సంచికలోనే వచ్చింది. కాబట్టి మీ లైబ్రరీ ఏ కాలపు నియమాలు పాటిస్తున్నదో తెలుసుకోకుండా “ఒక అక్షరం పట్టుకున్నాను” అని చెప్పడం సాహసం.

తెలుగు సంకేతాలను మాత్రమే పట్టుకొనే నమూనా వ్రాశామనుకొని నిశ్చింతగా ఉండేవారికి “సాఫ్ట్‌వేర్” అన్న మాట ఇచ్చి చూడండి. “సాఫ్ట్” మాత్రమే పట్టుబడుతుంది. ట్ కిందికి వ చేరకుండా మధ్యలో మనం పెట్టే కనబడని గుర్తు, జీరో విడ్త్ నాన్ జాయినర్, తెలుగుకు కేటాయించిన 128 స్థానాల్లో లేదు. తెలుగు వ్రాసేవారికి అది మాటలో భాగం. నమూనాకు అది సరిహద్దు.

న్యాయంగా ఒక ఊరట కూడా చెప్పాలి. కామా, చుక్కల జంట వంటి గుర్తుల దగ్గర కోసే నమూనాలు బైట్ల లెక్కలో నడిచినా తెలుగుకు హాని చేయవు. యూటీఎఫ్-8లో ఆస్కీ బైటు మరే అక్షరం కడుపులోనూ కనబడదు. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లతో వెదకడం గురించి 1968లో ప్రసిద్ధ వ్యాసం వ్రాసిన కెన్ థాంప్సనే 1992లో రాబ్ పైక్‌తో కలిసి యూటీఎఫ్-8ను రూపొందించాడు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలను కూర్చిన పాత ఫాంట్ల కాలంలో ఇంతటి భరోసా ఉండేది కాదు.

హద్దును నిర్ణయించే ధర్మం కూడా అందరిదీ ఒకటి కాదు. “(రామ|రామయ్య)(.*)” అన్న నమూనాను “రామయ్య” మీద ప్రయోగించండి. పోసిక్స్ ధర్మం ఎడమవైపున్న ముక్కకు వీలైనంత పొడవు ఇస్తుంది. మొదటిది “రామయ్య”, రెండవది ఖాళీ. పెర్ల్ ధర్మం ముందు వ్రాసిన ప్రత్యామ్నాయానికే ముందు అవకాశమిస్తుంది. మొదటిది “రామ”, రెండవది “య్య”. మొత్తం సరిపోలిక రెండింటిలోనూ ఒకటే, పంపకాలు వేరు. లైబ్రరీ మార్చి “సరిపోలుతోంది కదా” అని సంతృప్తి పడేవారు ఈ అన్నదమ్ముల పంపకాలను ఒకసారి పరిశీలించాలి.

పోసిక్స్ పద్ధతిలో లోపాలే లేవని నేననను. ముక్కలకు పేర్లు పెట్టుకొనే వీలు లేదు. మూడో కుండలీకరణం ముందు కొత్తది చేరిస్తే లెక్కలన్నీ మారతాయి. పాఠం సున్నా బైటుతో ముగియాలని పట్టుబడుతుంది. దానిని దాటడానికి బి.ఎస్.డి. నుండి వచ్చిన రెగ్_స్టార్ట్‌ఎండ్ కావాలి. గ్నూ సి లైబ్రరీలో హద్దు అంకె ఇంకా ఇంట్ రకమే. పునరావృతమయ్యే కుండలీకరణంలో చివరి చుట్టు మాత్రమే మిగులుతుంది. ఇవి నిజమైన లోపాలు. వీటికి మెరుగైన మార్గం కావాలంటే, ఫిలిప్ హేజెల్ 1997లో మొదలుపెట్టిన పిసిఆర్ఇకి 2015లో వచ్చిన రెండవ అవతారం ఉన్నది. పేర్లున్నాయి, పెద్ద అంకెలున్నాయి, పాల్గొనని ముక్కకు ప్రత్యేకమైన గుర్తు ఉన్నది. అక్కడ కూడా మౌలికంగా వచ్చేవి హద్దులే. నకలు కావాలంటే వేరే ఫంక్షన్లున్నాయి. మనమిచ్చిన బఫరు చాలకపోతే వాటిలో నకలు దించే ఫంక్షను మాటను కత్తిరించి ఇవ్వదు. చాలలేదని దోషం చెప్పి పని మానుతుంది. నా వాదనంతా ఆ ఒక్క మర్యాదలో ఉన్నది. సగం మాట ఇవ్వడంకంటే ఇవ్వలేనని చెప్పడం మేలు.

కనుక నేర్పేవారికి నా విన్నపం. రెగ్_ఎక్స్‌టెండెడ్ పెట్టారా అని ముందు అడగండి. అది లేకపోతే మామూలు కుండలీకరణం పట్టుకోదు, తానూ ఒక అక్షరమై నిలబడుతుంది. రీ_ఎన్‌సబ్ చూసి, దానికి ఒకటి కలిపినంత వరుస తీసుకోమనండి. రెగ్‌ఎక్సెక్ సున్నా ఇచ్చిందా అని చూడకుండా అంకెల జోలికి పోవద్దనండి. -1ను పరీక్షించమనండి. పొడవు కొలిచి, నకలు కావాలంటే అంత మెమొరీయే అడగమనండి. చివరగా, ఉదాహరణలో జాన్, స్మిత్ అనే పేర్లు కొట్టేసి ఒక వేంకటసుబ్బారావును నిలబెట్టండి. ఆయన చెక్కుచెదరకుండా బయటికి వస్తే మీ ప్రోగ్రాము నెగ్గినట్టు.

భాష మనకు చాలినంత ఇవ్వలేదన్న ఫిర్యాదు ఇక కట్టిపెడదాం. అది చెప్పవలసినది చెప్పింది: ఇక్కడ మొదలు, ఇక్కడ ముగింపు. ఆ రెండు రాళ్ళ మధ్య ఉన్నది ఎవరిదో పేరు, ఎవరిదో మాట. దానిని పూర్తిగా తెచ్చే బాధ్యత భాషది కాదు, తెచ్చేవాడిది. ఈ అభిప్రాయంతో విభేదించేవారు నిస్సంకోచంగా వాదానికి రండి. వచ్చేటప్పుడు మీ బఫరు ఎన్ని బైట్లో మాత్రం చెప్పండి.